అక్కడక్కడా మేడమ్

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆఫీసు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. ఊరంతా ఆమెను అక్కడక్కడా మేడమ్ అంటారు. మనుషులకు పేర్లు పెట్టడంలో ఊళ్లకుండే శ్రద్ధ రోడ్లు వేయించుకోవడంలో ఉంటే ఎంత బాగుండేదో! రోజూ పొద్దున రేడియోలో వాతావరణ సమాచారం చదివేది ఆమే. ఎండ మండిపోతున్నా, మబ్బు నెత్తిమీదకి వచ్చి కూర్చున్నా, చివరికి ఆ మాట రాక తప్పదు: "అక్కడక్కడా ఒక మోస్తరు వర్షం కురిసే అవకాశం ఉంది."

కూరగాయల బండి ఆయన వంకాయలు తూస్తూ తూస్తూ ఆపి మరీ అడుగుతాడు. "మేడమ్, ఇవాళ నా బండి అక్కడా, ఇక్కడా?"

"నువ్వు టార్పాలిన్ ఎక్కడ మర్చిపోతే వాన అక్కడ," అంటుంది ఆమె. ఆమేమీ తక్కువ తినలేదు.

నవ్వుతూ అంటుంది గానీ సంచీ పట్టుకుని నాలుగడుగులు వేసేసరికి ముఖంలో ఆ నవ్వు ఉండదు. ఆ మాట వల్ల ఆమె పోగొట్టుకున్నదేమిటో బండి ఆయనకు తెలియదు. తెలిస్తే పాపం, అడిగేవాడు కాదు.

ఆమె పనిచేసే వాతావరణ ఆఫీసు భాషలో ఆ మాటకు కొలత ఉంది. జిల్లాలో నాలుగో వంతుకు మించకుండా వాన పడేలా ఉంటే 'అక్కడక్కడా' అనాలి. అంతకు మించితే 'కొన్నిచోట్ల', దాదాపు అంతటా అయితే 'చాలాచోట్ల'. లెక్క లెక్కే, ఎవరూ వేలెత్తి చూపలేరు. కాకపోతే ఆ నాలుగో వంతు ఎవరి నెత్తిమీద పడుతుందో మాత్రం ఆ మాట చెప్పదు. ఆఫీసు పెద్దాయనకు అందులోనే హాయి ఉంది. మబ్బులేని రోజున కూడా గొడుగు చంకలో పెట్టుకుని వచ్చే మనిషి కాబట్టి అందరూ గొడుగు సార్ అంటారు. "అక్కడక్కడా అనేది ఉత్త మాట కాదమ్మా, గొడుగు. దాని కింద మనమంతా తడవకుండా ఉంటున్నాం," అంటాడు ఆయన.

నిజమే. ఆ గొడుగు కింద పట్టనివాడు ఒక్కడే, ఆమె అన్నయ్య.

అన్నయ్యది నది అవతల ఇటుకల బట్టీ. ఆమె పుట్టింది, పెరిగింది అక్కడే. నాన్న పోయాక చదువు మానేసి మట్టిలో దిగింది అన్నయ్య. బురద అంటకుండా బడికెళ్లింది చెల్లెలు. మట్టి తొక్కుతూ తలెత్తి, "ఏమే, ఆ మబ్బు మనదేనా?" అని అడిగేవాడు. ఆమె కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పెద్ద తెలిసినదానిలా చూసి, "మనది కాదన్నయ్యా, పోతోంది," అనేది. సగంసార్లు తప్పేది. అయినా మళ్లీ ఆమెనే అడిగేవాడు. ఆమె వాతావరణ శాస్త్రం చదువుతానన్నప్పుడు చుట్టాలంతా అదేం చదువని ముక్కున వేలేసుకుంటే, మాకు పనికొచ్చే చదువు అన్నవాడు ఆయనొక్కడే.

ఉద్యోగం వచ్చాక నది ఇవతల ఊళ్లో ఒక మేడమీద గది తీసుకుంది. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒక పరీక్ష అడ్డం వచ్చింది. తర్వాత్తర్వాత అడ్డం రావడానికి పరీక్షలూ మిగల్లేదు, ఎత్తడానికి ఆ మాటా మిగల్లేదు. అయినా ఒంటరిగా ఉన్నట్టు ఎప్పుడూ అనిపించలేదు. ఎందుకంటే వాన వచ్చే రోజున అన్నయ్య ఫోను వచ్చేది. ఆ వైపు వానలన్నీ పడమటి నుంచే వస్తాయి. ముందు బట్టీల గట్టు మీద పడి, తర్వాత నది దాటి ఊళ్లోకొస్తాయి. అక్కడ మొదటి చినుకు పడగానే, ఇటుకలు కప్పే హడావుడిలో కూడా ఒక చేత్తో ఫోను తీసేవాడు.

"చెల్లాయ్, ఇక్కడ మొదలైంది. బట్టలు తీసుకో."

అంతే. కుశల ప్రశ్నలుండవు. ఆమె ఆఫీసులో ఉంటే ఇంటి కింది వాటాలో ఉండే ఇల్లుగలావిడకు ఫోను చేసి బట్టలు తీయించేది. ఇంట్లో ఉంటే మేడమీదికి పరిగెత్తేది. ఆకాశాన్ని చదవడానికి జీతం తీసుకునే మనిషికి వాన కబురు చెప్పేది ఇటుకల అన్నయ్య అని ఇల్లుగలావిడ ఎంత నవ్వేదో!

ఇప్పుడు ఆ ఫోను రాదు. మూడేళ్లయింది.

అంతకుముందు రేడియోలో సమాచారం చదివే గొంతు వేరు. ఎవరో అనౌన్సరు, ఆఫీసు పంపిన ముక్కను చదివేసి పాట వేసేవాడు. ఆ గొంతు 'అక్కడక్కడా' అన్నా, 'కొన్నిచోట్ల' అన్నా అన్నయ్య పట్టించుకోకుండా ఇటుకలన్నీ కప్పించేవాడు. పరాయివాడి మాటను నమ్ముకుని మట్టిని ఎండలో వదిలేస్తామా? మూడేళ్ల కిందటి ఎండాకాలంలో రేడియోవాళ్లు, ఆఫీసు మనిషే చదివితే బాగుంటుందని ఆమెను అడిగారు. చెల్లెలి గొంతు రేడియోలో వినబడ్డ మొదటి రోజున అన్నయ్య పనివాళ్లందరికీ టీలు తెప్పించాడు. ఆ రోజు నుంచి ఆ సమాచారం జిల్లాకు కాదు, తనకే చెబుతోందన్నట్టు వినేవాడు.

అక్కడే వచ్చింది చిక్కు. ఒక పొద్దున ఆమె ఎప్పటిలాగే, "అక్కడక్కడా ఒక మోస్తరు వర్షం," అని చదివింది. బట్టీ దగ్గర కళ్లమంతా పచ్చి ఇటుకలు పరిచి ఉన్నాయి. ఆ ఏడాది పరిచినవాటిలో అదే పెద్ద పరుపు. బట్టీలో కాలేదాకా ఇటుక మట్టే. ఒక్క గట్టి వాన చాలు, మళ్లీ ముద్దయిపోవడానికి. కప్పమంటారా అని పనివాళ్లు అడిగారు.

"అక్కడక్కడా అంది కదరా మా చెల్లాయి. అక్కడంటే అక్కడే. ఇక్కడైతే ఇక్కడని చెప్పదూ?" అన్నాడు అన్నయ్య. పక్క బట్టీ ఆయన టార్పాలిన్లు అడిగితే దర్జాగా ఇచ్చి పంపాడు కూడా.

సాయంత్రానికి బట్టీల గట్టు మీద కుండపోత. ఊళ్లో చినుకు లేదు. ఆఫీసు లెక్క ప్రకారం ఆ రోజు సూచన నూటికి నూరుపాళ్లు నిజమైంది.

మర్నాడు ఆమె వెళ్లేసరికి కళ్లంలో ఇటుకలు లేవు, ఎర్రటి బురద ఉంది. వదిన బురదలోంచి చెక్క అచ్చులు ఏరుతోంది. అన్నయ్య కేకలేస్తాడేమో, వేస్తే బాగుండుననుకుంది. ఆయన కేకలెయ్యలేదు. ముఖం కడుక్కుని వచ్చి, "నువ్వు అక్కడక్కడా అన్నావు కదా అని..." అన్నాడు. వాక్యం అక్కడితో ఆపేసి, "సరేలే, భోంచేసి వెళ్లు," అన్నాడు. ఆ మాటకు అసలు అర్థం ఏమిటో విడమరిచి చెబుదామని ఆమె నోరు తెరిచింది. ఆ బురద ముందు నిలబడి నాలుగో వంతు సంగతి ఎలా చెబుతుంది? మూసుకుంది.

ఆ తర్వాత రాకపోకలు ఆగలేదు. మంచీ చెడూ వదిన చెబుతూనే ఉంటుంది. ఆయన ఫోనులో "బాగున్నాంలే, వదినకిస్తున్నా," అంటాడు. వాన కబురు మాత్రం రాలేదు. ఆమె గొంతు రోజూ పొద్దున ఆయన చెవిలో పడుతుంది. ఆయన గొంతు కోసం ఆమె వాన వచ్చినప్పుడల్లా ఫోను వైపు చూస్తుంది. మేడమీద బట్టలు తడుస్తూనే ఉన్నాయి. తడిసిన బట్టలు పిండుతూ, ఇది చాకిరీ అని కాదు, ఇదేదో తనకు పడ్డ శిక్ష అన్నట్టు ఏడ్చేది.

ఒకసారి ఉండబట్టలేక వదినను అడిగేసింది. "ఇంకా కోపమా వదినా?"

"కోపమైతే ఎప్పుడో అరిచి మర్చిపోయేవాడు కదమ్మా," అంది వదిన. కాసేపు నీళ్లు నమిలి, ఆఖరికి చెప్పేసింది. "ఒకరోజు అన్నాడులే. దానికి ఆకాశమంతా కనబడుతుంది, నా ఇల్లొక్కటే కనబడలేదు అన్నాడు."

ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. ఆ తర్వాత ఆమెకు ఒక్కటే కోరిక. ఒక్క రోజు, ఒక్క రోజంటే ఒక్క రోజు, రేడియోలో 'ఇక్కడ' అని చెప్పాలి. అన్నయ్య ఉన్న చోటు పేరు పెట్టి చెప్పాలి. ఏం చూసుకుని చెప్పాలి? రాడార్ ఉంది గానీ అది దూరపు నగరంలో ఉంది. మధ్యలో కొండలు అడ్డం. బట్టీల గట్టు మీద మబ్బు బాగా ఎత్తుకు ఎదిగితే గానీ దానికి అగుపించదు. ఉపగ్రహం పంపే మామూలు బొమ్మలో మబ్బు పుట్టాకే కనబడుతుంది. అప్పటికి చెబితే ఎవరు కప్పుకోగలరు?

అలాంటి రోజుల్లో రాజధానిలోని పరిశోధన కేంద్రం నుంచి ఒక సైంటిస్టమ్మాయి దిగింది. పరిశోధన కోసం ఎగరేసిన ఉపగ్రహం ఒకటుందట. దాని సమాచారం రోజువారీ సూచనలకు పనికొస్తుందేమో మీతో కూర్చుని చూస్తానంది. తెర మీద రంగురంగుల బొమ్మలు వేసింది. "ఇది మబ్బును చూడదండీ. మబ్బు పుట్టకముందే గాలిలో తేమ ఏ ఎత్తులో ఎంతుందో, కింది గాలి ఎంత వేడిగా ఉందో, పైది ఎంత చల్లగా ఉందో పొరలు పొరలుగా కొలుస్తుంది," అంది.

"అంటే కడుపులో ఉండగానే స్కానింగన్నమాట," అన్నాడు గొడుగు సార్.

"సరిగ్గా అదే సార్!" అని అమ్మాయి మురిసిపోయింది.

"ఈ బొమ్మ ఎప్పటిదమ్మా?" అడిగింది మేడమ్.

"నిన్నటిది మేడమ్."

గదిలో ఒక్కసారిగా నవ్వులు. "నిన్నటి వాన సంగతి మాకూ తెలుసమ్మా, తడిశాం," అన్నాడు వెనక నుంచి ఎవరో. అమ్మాయి ముఖం కందిపోయింది. అయినా పెట్టె సర్దుకోలేదు. నవ్వులు ఆగేదాకా నిలబడి, "అందుకే వచ్చానండీ. ఇది ఇన్నాళ్లూ మా వ్యాసాల కోసమే తయారవుతోంది. మీకెప్పటికి కావాలో, ఎలా కావాలో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు," అంది. ఆ ఒక్క మాటతో మేడమ్‌కు ఆ పిల్ల నచ్చింది.

అందరూ వెళ్లాక మేడమ్ కుర్చీ దగ్గరకు లాక్కుని, "పాత రోజులవి కూడా చూపిస్తుందా ఇది?" అని అడిగి, ఒక తేదీ చెప్పింది. ఎందుకని అమ్మాయి అడగలేదు. బొమ్మ తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. తెరుచుకున్నాక చూస్తే, ఆ రోజు పొద్దుటి ఆకాశంలో ఎక్కడా మబ్బులేదు. నది పడమటి గట్టు మీద మాత్రం కింది గాలిలో తేమ గుమిగూడి ఉంది. దాని మీద చల్లటి పొర. ఎవరో వేలు పెట్టి చూపించినట్టు అక్కడే.

ఆమెకు కళ్లు చెమర్చాయి. తను ఆ మాట చదువుతున్న పూటకే ఈ సంగతి ఆకాశం నుంచి నేలకు దిగిపోయి ఉంది. రాజధానిలో ఏదో కంప్యూటర్లో భద్రంగా పడుకుని ఉంది. కనబడింది అన్నయ్యా, కనబడింది గానీ నా దాకా రాలేదు అని మనసులోనే అంది.

"ఆ రోజు ఏమైంది మేడమ్?"

"వాన పడింది. నువ్వు దీన్ని ఏ రోజుది ఆ రోజు, నేను రేడియోలో చదివేలోపు నాకు ఇప్పించగలవా?"

అడగడం తేలికే, ఆ తర్వాతది తేలిక కాదు. ఉపగ్రహం పొద్దున ఊరి మీదుగా పోతుంది. దాని సమాచారాన్ని కేంద్రంలో కడిగి, వడగట్టి, సరిచూసేసరికి ఒక రోజు గడిచిపోతుంది. "పెళ్లికూతుర్ని ముస్తాబు చేసినట్టు చెయ్యక్కర్లేదమ్మా. ముఖం కడిగి పంపండి చాలు, మిగతాది మేం సర్దుకుంటాం," అంది మేడమ్. మీ తొందర కోసం తప్పుడు అంకెలు పంపలేమన్నారు కేంద్రంవాళ్లు. అదీ నిజమే. అమ్మాయి రెండు వైపులా మాటలు మోసి మోసి, ఆఖరికి ఉపగ్రహం నుంచి సమాచారాన్ని నేరుగా అందుకునే గొట్టం లాంటి యాంటెన్నా ఒకటి ఆఫీసు మేడమీద పెట్టించింది. దాని మీద పావురాలు కాపురం పెట్టకుండా చూసే బాధ్యత గొడుగు సార్ తనంతట తాను నెత్తిన వేసుకున్నాడు. పాత గొడుగు ఒకటి అక్కడే కట్టేశాడు.

సమాచారం వస్తోంది గానీ బొమ్మలో ఊళ్లు లేవు. అడ్డగీతలు, నిలువుగీతలు, గళ్లు. పరిశోధనకు గళ్లు చాలు, మనుషులు గళ్లలో కాపురాలుండరు కదా! మేడమ్ కూర్చుని ఒక్కో గడిలో ఒక్కో పేరు రాయించింది. పడవల రేవు, చక్కెర మిల్లు, బట్టీల గట్టు. గట్టు మీద విడిగా ఒక చిన్న చుక్క పెట్టించింది.

"ఇదేంటి మేడమ్?"

"అక్కడ మా అన్నయ్య ఉంటాడు."

"ఇంత చిన్న చోటు ఇందులో కనబడదు మేడమ్. గట్టు మొత్తం కలిపి ఒక్క గడే."

"కనబడకపోయినా ఉండనీ," అంది మేడమ్. అమ్మాయి ఉంచింది.

అది దేవుడి కన్నేమీ కాదని త్వరలోనే తెలిసింది. దట్టమైన మబ్బు కమ్మితే దాని కింద ఏముందో దానికి తెలియదు. గాలిలో తేమ నిండుగా ఉండి కూడా వాన పడని రోజులున్నాయి. ఆఫీసులో తమలో తాము 'ఇక్కడ' అని చెప్పుకుని చూసేవారు. మర్నాడు రేవులో పడవవాళ్లనూ, మిల్లు కాపలాదార్లనూ ఫోను చేసి అడిగేవారు. తప్పినప్పుడల్లా మేడమ్ ఎందుకు తప్పిందో అమ్మాయితో కూర్చుని వెతికేది. బట్టీల గట్టు సంగతి అడగడానికి మాత్రం అన్నయ్యకు చెయ్యలేదు. పక్క బట్టీ ఆయనను అడిగేది. అడిగి పెట్టేసేముందు ఊరికే, "మా అన్నయ్య కనబడ్డాడా?" అనేది.

మళ్లీ ఎండాకాలం వచ్చేసరికి తప్పులకన్నా ఒప్పులు ఎక్కువయ్యాయి. అమ్మాయి రాజధానికి వెళ్లిపోయింది. రోజూ ఫోను చేసి మాత్రం, "ఇవాళ మన చుక్క ఎలా ఉంది మేడమ్?" అని అడుగుతుంది.

ఆ పొద్దున చుక్క చుట్టూ ఉన్న గడి ముదురు రంగుకు తిరిగింది. కింద వేడి, తేమ. పైన చల్లటి పొర. బయట చూస్తే ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మేడమ్ వాక్యం రాసి గొడుగు సార్ ముందు పెట్టింది. ఆయన చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"అక్కడక్కడా ఏదమ్మా?"

"తీసేశాను సార్."

"పేరు పెట్టి చెబుతున్నావు. రాకపోతే?"

"రాకపోతే ఊరికే కప్పుకున్నామని తిడతారు సార్. చెప్పకపోతే తిట్టడం కూడా మానేస్తారు. నాకు రెండోది తెలుసు."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్లుగా కలిసి పనిచేసిన మనిషి, ఆయనకు కొంత తెలుసు. "సరే చదువు. తిట్లు వస్తే నా పేరు చెప్పు. నాకు గొడుగుంది," అన్నాడు.

రేడియోవాళ్లు లైను కలిపారు. ఆమె గొంతు ఎప్పటిలా మొదలైంది. ఆ వాక్యం దగ్గరకొచ్చేసరికి కాస్త నెమ్మదించింది. "నది పడమటి వైపు, బట్టీల గట్టు మీద, మధ్యాహ్నం దాటాక గట్టి వాన పడే అవకాశం ఉంది. బట్టీలవాళ్లు పచ్చి ఇటుకలు కప్పుకోవాలి." చదివి ఫోను పెట్టేసింది. విన్నాడా? విన్నా నమ్మాడా? ఫోను చేసి అడిగితే తెలిసిపోతుంది. కానీ అడిగి తెలుసుకోవడం ఆమెకు అక్కర్లేదు. రావాలి, అటు నుంచి రావాలి.

మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికి వెళ్లింది. పొద్దున్నే ఆరేసిన బట్టలు మేడమీద పెళపెళలాడుతున్నాయి. తీద్దామని క్లిప్పు మీద చెయ్యి వేసి, ఆగిపోయింది. తీసేస్తే ఇంక ఎవరైనా తీసుకోమని చెప్పడానికి ఏముంటుంది? అలాగే వదిలేసి పిట్టగోడ దగ్గర నిలబడింది.

కింది నుంచి ఇల్లుగలావిడ కేకేసింది. "ఏమ్మా, పొద్దున వాన వాన అని రేడియోలో ఊదరగొట్టింది నువ్వేనా? మరి నీ బట్టలేంటి పైన?"

"ఇంకా ఆరలేదు పిన్నిగారూ."

"ఈ ఎండకా?" అని బుగ్గలు నొక్కుకుంటూ ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

పడమట మొదట ఏమీ లేదు. తర్వాత సున్నం చల్లినట్టు కొంచెం తెలుపు. చూస్తుండగానే అది పైకి లేచి, ఒళ్లు విరుచుకుని, అడుగున నల్లబడింది. అది కచ్చితంగా గట్టు మీదే ఉంది. ఇన్నేళ్లు ఆకాశం చూసిన మనిషికి ఆ మాత్రం తెలుసు. వాన ఒప్పయింది. ఫోను మాత్రం పిట్టగోడ మీద ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. నది మీదుగా చల్లగాలి వచ్చి చీరలను ఎగరేసింది. తడి మట్టి వాసన వచ్చింది. అక్కడ మొదలైపోయి ఉంటుంది. కప్పుకున్నాడేమో, అది చాలు, నేను చెప్పగలిగింది చెప్పాను, ఇంకేం కావాలి అని తనకు తాను సర్దిచెప్పుకుంది. సర్దుకోలేదు. చాలదు, అన్నయ్య గొంతు కావాలి. కళ్లు తుడుచుకుని మొదటి క్లిప్పు తీసింది.

ఫోను మోగింది.

"చెల్లాయ్, ఇక్కడ మొదలైంది. బట్టలు తీసుకో."

ఆమె ఫోనును చెవికి అదిమి పెట్టుకుంది. అటు నుంచి టార్పాలిన్ల మీద వాన దబదబా పడుతున్న చప్పుడు.

"వింటున్నావా?"

"వింటున్నానన్నయ్యా. కప్పావా?"

"ఎప్పుడో కప్పేశాం. మీ వదిన రేడియో వదిలేసి పరిగెత్తుకొచ్చింది, మనల్నే అంటోంది, మనల్నే అంటోంది అని." గొంతు సవరించుకున్నాడు. "మన గట్టు పేరు చెప్పావుగా చెల్లాయ్."

"చెప్పాను."

ఎవరూ ఫోను పెట్టేయలేదు.

"ముందు బట్టలు తీసుకో. నది దాటేసింది, మీ మీదికే వస్తోంది," అన్నాడు అన్నయ్య.

"తీసుకుంటున్నా," అంది గానీ కదల్లేదు. వాన వచ్చి ఆమె మీదా, ఆరిన బట్టల మీదా కలిపే పడింది. ఫోను తడవకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఇక్కడా మొదలైందన్నయ్యా," అంది.